అవతలి బడి అడిగిన ప్రశ్న

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా హైదరాబాదులో జరిగిన ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, బడి పని ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చిన తోటి ఉపాధ్యాయులకు వందనాలు.

దూరదూరంగా ఉన్న తరగతి గదులను అంతర్జాలం ద్వారా కలిపి, పిల్లలు తమ ఇంటిని, వాడను, పండుగను, అమ్మానాన్నల పనిని రాతలో ఒకరికొకరు ఎలా తెలియజెప్పుకోవచ్చో మాట్లాడమని నన్ను అడిగారు. నేను మూసీకి దగ్గరలో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కొన్నేళ్లుగా ఉత్తరాంధ్ర తీరంలోని ఒక బడితోను, గుంటూరు జిల్లాలోని మరొక బడితోను రాతల ద్వారా స్నేహం చేస్తున్నారు. ఈ రోజు నేను చెప్పగలిగిందంతా ఆ పిల్లల దగ్గర నేర్చుకున్నదే.

ముందుగా మేము చేసిన పొరపాటు చెప్పాలి. మొదటి సంవత్సరం మేము రాతతో మొదలుపెట్టలేదు, వీడియోతో మొదలుపెట్టాం. రెండు వారాలు సాధన చేయించి, ఆడపిల్లలకు పట్టులంగాలు కట్టించి, తంగేడు, గునుగు, బంతి దొరికినంత తెచ్చి బతుకమ్మను పేర్చి, తెర ముందు ఆడించాం. అవతలి పిల్లలు కూడా ఒక జానపద నృత్యం చేసి చూపించారు. నలభై నిమిషాల్లో మూడుసార్లు బొమ్మ ఆగిపోయింది. చివర్లో రెండు వైపులా పిల్లలు చేతులు ఊపారు, చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగాం. మరుసటి రోజు తరగతిలో "అవతలి బడి పిల్లల గురించి మీకేం తెలిసింది?" అని అడిగితే, ఒక పిల్లవాడు కాసేపు ఆలోచించి, "వాళ్ల యూనిఫాం మన యూనిఫాం లెక్కనే ఉన్నది సార్" అన్నాడు. రెండు వారాల శ్రమ తర్వాత మాకు మిగిలిన సమాచారం అదొక్కటే. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. ప్రదర్శనలో అడగడానికి చోటు ఉండదు. చూసేవాడు చూస్తాడు, ఆడేవాడు ఆడతాడు, ఎవరి ఊరు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

రెండో సంవత్సరం వీడియో మానేసి ఉత్తరాలకు వచ్చాం. పిల్లలు కాగితం మీద రాస్తారు, మేము కంప్యూటరులో ఎక్కించి పంపుతాం, అవతలి పిల్లలు చదివి ప్రశ్నలు పంపుతారు, మా పిల్లలు వాటికి జవాబు వెతికి మళ్లీ రాస్తారు. పద్ధతి ఇంతే. ఇందులో ప్రాణమంతా ఆ ప్రశ్నల్లోనే ఉందని నాకు ఒక పిల్లవాడి వల్ల తెలిసింది. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఏడో తరగతి పిల్లవాడు. వాళ్లది పాలమూరు వైపు నుంచి పని కోసం నగరానికి వచ్చిన కుటుంబం. "మా నాన్న" అనే అంశం మీద అంతకుముందు పరీక్షలో వాడు రాసిన వ్యాసం నా దగ్గర ఉంది. "మా నాన్న కూలి పని చేస్తారు. మా నాన్న మమ్మల్ని ఎంతో ప్రేమగా చూసుకుంటారు. మా నాన్న అంటే నాకు చాలా ఇష్టం." పదికి ఏడు మార్కులు వేశాను. నాలుగు పంక్తులు, తప్పుల్లేని వాక్యాలు. అందులో నాన్న మాత్రం లేడు. అదే పిల్లవాడు సముద్రం పక్కనున్న బడికి రాసేటప్పుడు, అవతలివాళ్లకు ఏమీ తెలియదన్న ఎరుకతో, ఇలా రాశాడు: "మా నాయిన పొద్దుగాల ఆరు గంటలకు అడ్డా మీదికి పోతడు. సద్ది కట్టుకొని పోతడు. మేస్త్రీ బండి మీద వచ్చి ఎంతమంది కావాల్నో చెప్తడు. పిలిస్తే పని ఉంటది. పిలువకుంటే లేదు." పొద్దున్నే కూలీలు గుమిగూడే అడ్డాలను నగరంలో మనమందరం రోజూ దాటుకుని పోతాం. వాటి గురించి ఒక పిల్లవాడు ఇంత సూటిగా రాయడం నేను అప్పటిదాకా చదవలేదు.

పది రోజుల తర్వాత అవతలి బడి నుంచి ఒక అమ్మాయి ప్రశ్న వచ్చింది: "పని దొరక్కపోతే మీ నాన్న ఎన్ని గంటలకి ఇంటికొచ్చేస్తారు? కట్టుకెళ్లిన అన్నం అక్కడే తినేస్తారా, ఇంటికి తెస్తారా?"

పిల్లవాడికి జవాబు తెలియదు. ఆ రాత్రి నాన్నను అడిగాడు. మరుసటి వారం రాసిన ఉత్తరంలో ఇలా ఉంది: "పదకొండు దాక చూస్తడట. అటెన్క ఎవరు రారు. అయినా ఇంటికి రాడు. సద్ది ఆడనే చెట్టు కింద తిని పొద్దుగూకినంక వస్తడు. జల్ది వస్తే అమ్మ రంధి పెట్టుకుంటదని చెప్పిండు. ఇది నాకు ఇంతకు ముందు ఎరుక లేదు."

పాతికేళ్లుగా నేను ఎర్ర సిరాతో దిద్దిన కాగితాలన్నిటిలో ఇలాంటి వాక్యం ఒక్కటి కూడా నేను రాయించలేకపోయాను. నేను అడిగే ప్రశ్నకు జవాబు నాకు ముందే తెలుసని పిల్లలకు తెలుసు. ఆ అమ్మాయికి నిజంగా తెలియదు, నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఆ ఒక్క తేడా వల్ల మా పిల్లవాడు తన తండ్రి దగ్గరికి వెళ్లి, తన ఇంట్లో ఉన్న, తనకే తెలియని సంగతిని తెలుసుకుని వచ్చాడు. ఇతరుల సంస్కృతిని తెలుసుకోవడం కోసమే తరగతులను కలుపుతామని సాధారణంగా అంటారు. అంతకంటే ముందు జరిగేది మరొకటుందని నా అనుభవం: పరాయి ఊరి పాఠకుడు ఎదురుగా ఉన్నప్పుడు పిల్లలు తమ ఊరిని మొదటిసారి చూస్తారు.

ఆ అమ్మాయి జూన్ చివర్లో, బడులు తెరిచాక, తన సంగతి రాసింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల మీద సముద్రంలో వేటను నిషేధిస్తారు. "మీ నాన్నకు ఏ రోజు పని ఉండదో పొద్దున్నదాకా తెలీదు. మాకు ముందే తెలుసు. ఆ రెండు నెలలూ నాన్న ఇంటి దగ్గర కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. నాన్న ఎప్పుడూ ఇంట్లో ఉంటే బాగుంటుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని" అని రాసింది. దాన్ని తరగతిలో చదివి వినిపించినప్పుడు, ఎప్పుడూ కుదురుగా ఉండని ఆ గది కాసేపు నిశ్శబ్దమైంది. ఏ పాఠ్యపుస్తకంలోని "మత్స్యకారుల జీవనం" అనే పాఠం కూడా ఆ ఉత్తరం చేసిన పని చేయలేదని నేను ధైర్యంగా చెబుతాను.

ఇదేమీ కంప్యూటర్లు వచ్చాక పుట్టిన ఆలోచన కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులు దెబ్బతిని, ఎక్కువసేపు మాట్లాడలేని స్థితిలో ఉపాధ్యాయుడైన సెలెస్తాన్ ఫ్రెనే, దక్షిణ ఫ్రాన్సులోని బార్-సూర్-లూ అనే కొండ ఊరి బడిలో ఒక చిన్న ముద్రణయంత్రం పెట్టి, పిల్లలు తమ మాటలను తామే అచ్చు వేసుకునేలా చేశాడు. 1920లలో ఆ అచ్చు కాగితాలు దేశం రెండో కొసన, బ్రిటనీ సముద్రతీరంలో ఉన్న ట్రెగంక్ బడికి తపాలాలో వెళ్లడం, అక్కడి పిల్లల రాతలు తిరిగి రావడం మొదలైంది. కొండ ఊరి పిల్లలకు సముద్రం పిల్లలు పాఠకులయ్యారు. మా మూసీ పిల్లలకు ఉత్తరాంధ్ర తీరం పిల్లలు దొరికినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ రెండు ఊళ్లే. 1988లో న్యూయార్క్, మాస్కో బడులను కలిపిన ప్రయత్నం నుంచి ఐ-ఎర్న్ అనే అంతర్జాతీయ సంస్థ పెరిగింది. 2005లో ఐరోపా దేశాలు తమ బడులను అంతర్జాలంలో జతపరిచే ఈ-ట్విన్నింగ్ మొదలుపెట్టాయి. మన దేశంలో, రాష్ట్రాలను జతలుగా కలిపే ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమంలో తెలంగాణకు హర్యానాను జతగా ఇచ్చారు. ఆ జతను నాట్యప్రదర్శనలకూ వంటకాల ప్రదర్శనలకూ పరిమితం చేయకుండా, ఒక్కొక్క బడి ఒక్కొక్క హర్యానా తరగతికి ఏడాదికి నాలుగు ఉత్తరాలు రాసేందుకు వాడుకుంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

హైదరాబాదులో నిలబడి రాత గురించి మాట్లాడుతూ గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారిని తలచుకోకపోతే తప్పవుతుంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన వాదనతో జవాబు చెప్పలేదు. ఊరూరి నుంచి కవుల రచనలను, వివరాలను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చు వేశారు. ఊళ్లు తమ గురించి తాము రాసుకుంటే, వాటి గురించి ఎవరో చెప్పే మాట నిలవదని ఈ నగరం అప్పుడే చూసింది. మా పిల్లల ఉత్తరాలను అంత గొప్ప పనితో పోల్చడం నా ఉద్దేశం కాదు. దారి మాత్రం అదే.

ఇక భాష సంగతి. పిల్లలు ఏ తెలుగులో రాయాలి? ఈ ప్రశ్న మీద మా బడిలోనే రెండు అభిప్రాయాలున్నాయి. "పోతడు, వస్తడు" అని రాసింది అలాగే పంపితే బడి పరువు పోతుందని ఒక సహోపాధ్యాయురాలు నిజాయితీగా బాధపడ్డారు. నేను ఆమెతో చెప్పిన మాటే మీతోనూ చెబుతాను. ఈ రోజు ఎవరి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నామో, ఆ గిడుగు రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, కొండల్లో ఉండే సవరల భాషను వాళ్ల దగ్గరే నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించేందుకు పుస్తకాలు రాశారు. వ్యవహార భాష కోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ తెలుసు. పిల్లల నోటి మాటను కొట్టివేసి ఆయన చిత్రపటానికి దండ వేయడం నాకు మనస్కరించదు. పరీక్షలో ప్రామాణిక భాష నేర్పుదాం, తప్పకుండా నేర్పుదాం. ఉత్తరంలో మాత్రం పిల్లవాడి నాన్న పిల్లవాడి మాటలోనే రావాలి.

పైగా ఆ మాటల తేడాల వల్లనే మా తరగతుల్లో మంచి పరిశోధన జరిగింది. వరంగల్ వైపు కుటుంబానికి చెందిన ఒక అమ్మాయి, వాళ్ల నానమ్మ చేసే సర్వపిండి గురించి రాసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లికాడలు, కారం, ఉప్పు వేసి కలిపి, గిన్నె లోపలి గోడకు నూనె రాసి, ముద్దను చేత్తో పలుచగా వత్తి, మూతపెట్టి సన్నని మంట మీద కాల్చుతారని చక్కగా వివరించింది. గుంటూరు జిల్లా బడి నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. గిన్నెకు అంటుకున్న పిండి అడుగున నూనె ఎలా చేరుతుంది? మొదటిది కాలాక వేడి గిన్నెలో రెండోది చేత్తో ఎలా వత్తుతారు? ఆ పిల్ల ఇంటికి వెళ్లి నానమ్మ పక్కన కూర్చుని చూసి వచ్చింది. వత్తిన పిండికి వేలితో చిల్లులు పెట్టి ఒక్కొక్క చిల్లులో కాస్త నూనె వేస్తారనీ, ఒకటి తీశాక గిన్నెను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చి రెండోది వత్తుతారనీ రాసింది. ఏళ్ల తరబడి తింటున్నా ఆ చిల్లులు ఎందుకో తనకు తెలియదని కూడా రాసింది.

ఆ జవాబుకు జవాబుగా వచ్చిన ఉత్తరం మరీ ముచ్చటైనది. "మేము దీన్ని తపాలచెక్క అంటాం. సర్వ అంటే ఏమిటి?" సర్వ అంటే పాత్ర అని మా అమ్మాయి చెప్పేలోగా, తరగతిలో మరొక పిల్లవాడు "మా ఇంట్ల గిన్నప్ప అంటరు" అన్నాడు. అప్పుడు పిల్లలు బోర్డు మీద మూడు పేర్లూ పక్కపక్కన రాసి చూసుకున్నారు. సర్వ, తపేలా, గిన్నె: మూడూ పాత్రల పేర్లే. వంటకానికి ఏ ఊళ్లో ఏ పాత్ర వాడారో ఆ పాత్ర పేరే నిలిచింది. వేరుశనగలకు పల్లీలు, శెనక్కాయలు, బుడ్డలు అని ఎన్ని పేర్లున్నాయో ఆ వారమే లెక్క తీశారు. నేను చెప్పి ఉంటే అది మాండలికాల పాఠం అయ్యేది, పిల్లలు నోటు పుస్తకంలో రాసుకుని మరచిపోయేవారు.

సాధనాల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అవసరమైనవి చాలా తక్కువ. మా బడిలో పనిచేసే కంప్యూటర్లు ఆరు. ప్రతి రాతనూ పిల్లలు ముందు కాగితం మీదే రాస్తారు. తర్వాత ఒకరు చదువుతుంటే మరొకరు టైపు చేస్తారు. ఆ చదవడంలోనే సగం తప్పులు దొరుకుతాయి. టైపు చేయడం కష్టమనిపించిన పిల్లలు ఫోనులో తెలుగులో చెబితే అదే అక్షరాలుగా మారుతుంది, కానీ "అటెన్క", "రంధి" వంటి మాటలు వచ్చినప్పుడు అది తప్పుగా రాస్తుంది కాబట్టి చేత్తో సరిచేసుకోవలసి ఉంటుంది. ఒకప్పుడు ఒక ఫాంటులో కొట్టిన తెలుగు మరొక కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేవి. అన్ని భాషల అక్షరాలనూ ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తించేలా చేసే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, దాన్ని ప్రతి యంత్రంలోనూ నిశ్చింతగా చదవగలిగే రోజులు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కష్టం ఎరిగిన వాళ్లకు, ఒక పల్లె బడి అక్షరం మరొక పల్లె బడిలో చెక్కు చెదరకుండా తెరుచుకోవడం ఎంత గొప్ప వసతో తెలుస్తుంది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, దూరదర్శన్ యాదగిరి ఛానెల్, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్ ద్వారా మన పిల్లలకు ఇంట్లోనే పాఠాలు చేరాయి. ఆ రోజుల్లో అది అవసరమైన పనే. అయితే పాఠం పిల్లవాడి దగ్గరికి వచ్చింది గాని, పిల్లవాడి మాట తిరిగి ఎవరి దగ్గరికీ పోలేదు. ఉత్తరం ఆ రెండో దారిని తెరుస్తుంది.

వేగం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఉత్తరానికి ఉత్తరానికి మధ్య కనీసం పది రోజులు ఉండాలి. వాట్సాప్ గ్రూపు పెట్టండి, పిల్లలు రోజూ మాట్లాడుకుంటారని కొందరు సలహా ఇచ్చారు. పెట్టి చూశాం. రెండు రోజుల్లో శుభోదయాలు, బొమ్మలు తప్ప ఏమీ మిగలలేదు. ఇంటికి వెళ్లి నాన్నను అడగడానికి, నానమ్మ పక్కన కూర్చోవడానికి, మళ్లీ రాసుకోవడానికి వ్యవధి కావాలి.

పిల్లల రక్షణ గురించి మాత్రం ఏ రాజీ వద్దు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేస్తోంది. చట్టం సంగతి అలా ఉంచినా, మనకు మనంగా పాటించవలసినవి ఉన్నాయి. రెండు వైపులా ప్రతి ఉత్తరాన్నీ ఉపాధ్యాయులు చదివాకే పంపాలి. చిరునామాలు, ఫోను నంబర్లు, ముఖాలు కనిపించే ఫొటోలు పంపకూడదు. మేము ఇంటిపేర్లు కూడా రాయనివ్వం. మన దేశంలో ఇంటిపేరు చెబితే ఇంకా చాలా చెప్పినట్టే, ఆ చెప్పడం పిల్లల చేతిలో ఉండాలి, మన రిజిస్టరు చేతిలో ఉండకూడదు. అలాగే ఇంట్లో ఏం వండుతారో, ఏ దేవుణ్ణి కొలుస్తారో రాయమని ఏ పిల్లవాణ్ణీ బలవంతపెట్టకూడదు. ఒక అమ్మాయి మూడు ఉత్తరాల దాకా తమ ఇంటి గురించి ఒక్క మాట రాయలేదు, బడి దారిలోని చెట్ల గురించే రాసింది. మేమూ అడగలేదు. నాలుగో ఉత్తరంలో తనకు తానే అమ్మ గురించి మొదలుపెట్టింది.

మా తరగతిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు సగానికి దగ్గరగా ఉంటారు. మొదట్లో వాళ్లు "మా సంస్కృతి" అనగానే రంజాన్ మీద పాఠ్యపుస్తకం లాంటి నాలుగు వాక్యాలు రాసి ఊరుకునేవారు. ప్రశ్నలు రావడం మొదలయ్యాక మారింది. వికారాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, తన అమ్మమ్మ ఊళ్లో పీర్ల పండుగనాడు పీరును ఎత్తుకునేది ఎవరు, గుండం చుట్టూ ఆడేది ఎవరు, వాళ్లలో ఎంతమంది హిందువులు అని రాసి పంపాడు. తీరం నుంచి వచ్చిన ఆశ్చర్యం చూసి మా తరగతిలోని పిల్లలే ఆశ్చర్యపోయారు. వాళ్లకు అది మామూలు విషయం. పండుగను పోస్టరు మీద చూపించినప్పుడు ఏది ఎవరిదో గీత గీసినట్టుంటుంది. పిల్లలు తమ ఊరి సంగతి వివరంగా రాసినప్పుడు ఆ గీత ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది.

ఇంగ్లీషు గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇతర రాష్ట్రాల, ఇతర దేశాల బడులతో కలవాలంటే ఇంగ్లీషు రావాలి కాబట్టి మన బడులు ఆగవలసిందేనని కొందరంటారు. ముందు తెలుగు బడులే ఒకదానితో ఒకటి కలవనివ్వండి. ఆదిలాబాద్ గోండు పిల్లలు, కుప్పం సరిహద్దులో తమిళం, కన్నడం రెండూ వినే పిల్లలు, బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబాలతో ఇతర రాష్ట్రాల్లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు, వీళ్లెవరికీ మనం ఇంకా ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. అనువాదం అవసరమైనప్పుడు ఇద్దరు పిల్లలు కలిసి కూర్చుని చేసుకుంటారు, అది మరొక మంచి పాఠమవుతుంది.

ప్రస్తుతం మా తరగతి ఒక ప్రశ్న మీద పని చేస్తోంది. తీరంలోని బడి గత వారం అడిగింది: "మీ ఊళ్లో నది ఉందని రాశారు. అందులో చేపలున్నాయా? ఎవరైనా పడతారా?" పిల్లలకు మూసీ అంటే వంతెన మీద నుంచి ముక్కు మూసుకుని దాటే నీళ్లు. కొందరు తాతయ్యలను అడిగారు. చిన్నప్పుడు అందులో ఈత కొట్టామని ఒక తాతయ్య చెప్పారట. ఇద్దరు పిల్లలు 1908 సెప్టెంబరు 28 నాటి వరద గురించి తెలుసుకుని, ఆ రోజు ఎంతోమంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇంకా ఉందని విని, చూసి రావాలని పట్టుబడుతున్నారు. వచ్చే శనివారం ఒడ్డున ఉండే ఒక వృద్ధ రజక దంపతులతో మాట్లాడడానికి వాళ్లు అనుమతి తీసుకున్నారు. ప్రశ్నలు పన్నెండు రాసుకున్నారు, నాకు నిన్న చూపించారు. అందులో నాలుగోది: "మీరు పని మొదలుపెట్టినప్పుడు నీళ్లు ఏ రంగులో ఉండేవి?"

నమస్కారం.